ప్రత్యర్థి మేనేజర్ సాకు చెప్పగానే ఏం చేయాలి: సరిగ్గా ఏడిపించే పద్ధతి

ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోగానే చాలామంది ఓడిన జట్టు అభిమానికి స్కోరు స్క్రీన్‌షాట్ పంపి, పని అయిపోయిందనుకుని పడుకుంటారు. అసలు సరుకు దొరికేది ఆ తర్వాతే, ఓడిన జట్టు మేనేజర్ మైకు ముందుకొచ్చి కూర్చున్నప్పుడు. ఓటమి ఎవరికైనా వస్తుంది, మాంచెస్టర్ సిటీకీ వస్తుంది, లివర్‌పూల్‌కీ వస్తుంది (నా జట్టు అదే, ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ రాసేదంతా ఆ వైపు నుంచి చూసిందే). సాకు మాత్రం మేనేజర్ తనంతట తాను ఎంచుకుని చెప్పేది. అందుకే ఓటమి మీద వేసిన జోకు వచ్చే శనివారానికి పాతబడుతుంది, సాకు మీద వేసింది ముప్పై ఏళ్లయినా నిలుస్తుంది.

ముప్పై ఏళ్లు అని ఊరికే అనడం లేదు. 1996 ఏప్రిల్ 13న సౌతాంప్టన్ పాత మైదానం ది డెల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ హాఫ్ టైమ్‌కే 0-3తో వెనకబడింది. వాళ్లు వేసుకున్నది బూడిదరంగు జెర్సీ. వాళ్ల మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ విరామంలో అందరిచేతా ఆ జెర్సీలు విప్పించి నీలం-తెలుపు చారలవి వేయించాడు. మ్యాచ్ 1-3తో పోయింది. ఆ బూడిదరంగులో మా ఆటగాళ్లు ఒకరికొకరు కనబడలేదు, వెనకున్న జనంలో కలిసిపోయారు అన్నది ఆయన వివరణ. ఆ సీజన్‌లో ఆ జెర్సీతో యునైటెడ్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, మళ్లీ దాన్ని వేసుకోనూ లేదు. రెండో సగంలో ఒక గోల్ కొట్టి ఒక్కటీ ఇవ్వలేదు కాబట్టి ఆయన మాటలో కొంత నిజం ఉండొచ్చు కూడా. అయినా ఇవాళ ఇంగ్లండ్‌లో ఏ జట్టు ఏ వింత కారణం చెప్పినా ఎదుటివాళ్లు మొదట గుర్తు చేసేది ఆ బూడిదరంగు జెర్సీనే. అదే సీజన్‌లో యునైటెడ్ లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచింది. అంత గొప్ప సీజన్ కూడా ఆ ఒక్క సాకుని చెరపలేకపోయింది.

మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, ఆడలేక మద్దెల ఓడు అని. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో ఆ మద్దెల ఒకసారి జెర్సీ, ఒకసారి గాలి, ఒకసారి గడ్డి, ఒకసారి బంతి. దాన్ని గుర్తుపట్టి, సరైన చోట, సరైన వేళ వాయించడం నేర్చుకోవాలి.

ముందు ప్రెస్ మీట్ మొత్తం వినండి

హెడ్డింగ్ చూసి మొదలుపెట్టొద్దు. ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే ఉదాహరణతో చెప్తా.

2025 జనవరి 7న కారబావ్ కప్ (ఇంగ్లండ్ లీగ్ కప్పు) సెమీఫైనల్ మొదటి లెగ్‌లో, అంటే రెండు మ్యాచ్‌ల్లో మొదటిదాంట్లో, ఆర్సెనల్ సొంత మైదానంలో న్యూకాజిల్ చేతిలో 0-2తో ఓడింది. ఇసాక్ ఒకటి, గోర్డన్ ఒకటి. తర్వాత ఆర్సెనల్ మేనేజర్ మికెల్ ఆర్టెటా మాటల్లో బంతి ప్రస్తావన వచ్చింది. ఈ బంతులు బాగా ఎగురుతున్నాయి, మేం చాలా షాట్లు బార్ మీదుగా కొట్టాం అన్నాడు. ప్రీమియర్ లీగ్‌లో అప్పుడు వాడుతున్నది నైకీ బంతి, ఈ కప్పులో ప్యూమా బంతి. హెడ్డింగ్ చూసినవాళ్లు "బంతి వల్ల ఓడిపోయాడట" అని పెట్టేసి నవ్వుకున్నారు. దానికి ఆర్సెనల్ అభిమాని దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: ఆయన అలా అనలేదు, మేం మెరుగుపడాల్సిన విషయాల గురించి చెప్తూ అన్నాడు, రెండు బంతులకీ తేడా ఉందా లేదా చెప్పు ముందు అంటాడు. తేడా ఉంది. మీ జోకు అక్కడే ఆగిపోతుంది.

మొత్తం విన్నవాడు ఏం చేస్తాడంటే, ఆర్టెటా మాటని ఉన్నదున్నట్టు తీసుకుంటాడు, బంతి వేరే, సరే, ఒప్పుకుంటున్నా అంటాడు. ఆ తర్వాత అదే కప్పులో, అదే సీజన్‌లో, అదే బంతితో ఆర్సెనల్ అంతకుముందు ఏం చేసిందో వెతుకుతాడు. బోల్టన్ మీద 5-1, ప్రెస్టన్ మీద 3-0, క్రిస్టల్ ప్యాలెస్ మీద 3-2. మూడు మ్యాచ్‌ల్లో పదకొండు గోల్స్. ఇక రాయాల్సింది ఒకటే ముక్క: "ఆ పదకొండూ కొట్టినప్పుడు బంతి ఎగరలేదా?" దీనికి జవాబు లేదు. నిజంగా లేదు, ఎంతమంది ఆర్సెనల్ వాళ్లని అడిగినా టాపిక్ మార్చడమే చూశాను. రెండో లెగ్‌లో కూడా న్యూకాజిల్ 2-0తో గెలిచి, మార్చి 16న వెంబ్లీలో మా లివర్‌పూల్‌ని కూడా 2-1తో ఓడించి, 1955 తర్వాత తొలిసారి పెద్ద దేశీయ ట్రోఫీ ఎత్తింది. ఆ బంతి గోల్‌లోకి కూడా బాగానే ఎగురుతుందని మాకూ తెలిసొచ్చింది.

మేనేజర్ మాటని పెంచొద్దు, వంకర తిప్పొద్దు, ఆయన అన్నదే యథాతథంగా పెట్టి దాని పక్కన ఒక నిజం పెట్టండి. ఏడిపించడంలో ఉన్న బలమంతా ఈ జంటలోనే ఉంది. మాట మార్చారంటే మీరు మీ బలాన్ని మీరే తీసేసుకున్నట్టు.

ఏది సాకు, ఏది కాదు

గాలి, వాన, ఎండ, గడ్డి, బంతి ఇవన్నీ రెండు జట్లకీ ఒకటే. ఇలాంటివి మేనేజర్ నోటి నుంచి వస్తే నిర్భయంగా పట్టుకోవచ్చు. నాకు తెలిసి పరీక్ష ఇదొక్కటే: అదే ఇబ్బంది ఎదుటి జట్టుకీ ఉందా? ఉంటే సాకు.

గాయాలు వేరు. 2020-21లో మా సెంటర్ బ్యాక్‌లు వాన్ డైక్, గోమెజ్, మాటిప్ ముగ్గురూ సీజన్ పోగొట్టుకున్నారు, ఆ ఏడాదే మా సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో వరుసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడిపోయాం. ఆ పరిస్థితిలో అప్పటి మా మేనేజర్ క్లాప్ గాయాల గురించి మాట్లాడితే అది సాకు కాదు, ఉన్న మాట. అలాగే 2023-24లో యునైటెడ్ డిఫెన్స్‌కీ, 2024-25లో టాటెన్‌హమ్‌కీ గాయాల బాధ నిజంగానే ఉంది, దాన్ని నేను వెక్కిరించను. మోకాలు చిరిగిన కుర్రాడి పేరు జోకులోకి లాగితే నవ్వేవాళ్లు తగ్గిపోతారు, మీ మీద ఉన్న మర్యాదా తగ్గుతుంది.

రిఫరీ విషయం మధ్యలో ఉంటుంది. 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హమ్ మీద లూయిస్ డియాజ్ కొట్టిన గోల్‌ని ఆఫ్‌సైడ్ అని తీసేశారు, అది సరైన గోలే. వీఏఆర్ (వీడియో చూసి చెప్పే రిఫరీలు) గదిలో జరిగింది మనిషి పొరపాటేనని రిఫరీల సంస్థే ఒప్పుకుంది. కాబట్టి "లివర్‌పూల్ ఏడుస్తోంది" అని ఆ రాత్రి పెట్టినవాళ్లది చౌకబారు పని. కానీ కొన్నాళ్లకి క్లాప్ మ్యాచ్ మళ్లీ ఆడించడమే సరైందన్నట్టు మాట్లాడాడు చూడండి, అక్కడ అందరూ అందుకున్నారు, మా వాళ్లలో కూడా చాలామంది తల దించుకున్నారు. ఫిర్యాదు న్యాయం, కోరిక అతి. ఈ రెంటినీ విడదీసి, అతి మీద మాత్రమే వేసినవాళ్ల జోకులకి నేనూ నవ్వాను.

మన దేశంలోనూ ఇలాంటిదే ఉంది. 2023 మార్చి 3న బెంగళూరులో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ప్లేఆఫ్. ఎక్స్‌ట్రా టైమ్‌లో కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు అడ్డంగా గోడ కట్టుకోకముందే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు, గోల్ ఇచ్చేశారు. మేం సిద్ధంగా లేం అని బ్లాస్టర్స్ అనడంలో వాదించడానికి చోటు ఉంది. కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ జట్టు మొత్తాన్ని మైదానంలోంచి బయటికి తీసుకెళ్లిపోవడంలో మాత్రం చోటు లేదు. క్లబ్‌కి 4 కోట్ల జరిమానా, ఆయనకి 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. బెంగళూరు అభిమానులు ఆ నడకనే పట్టుకున్నారు, ఫ్రీకిక్ గొడవలోకి దిగలేదు. తెలివైన పని.

మీ ఇంటి లెక్క ముందు మీరు చూసుకోండి

ఎవడినైనా ఏడిపించే ముందు మీ మేనేజర్ చెప్పిన సాకులన్నీ మీకు కంఠతా వచ్చి ఉండాలి. లేకపోతే మొదటి కౌంటర్‌కే దొరికిపోతారు.

మాకు రెండున్నాయి. 2009 జనవరి 9న అప్పటి మా మేనేజర్ రఫా బెనీతెజ్ జేబులోంచి కాగితం తీసి, ఫెర్గూసన్ మీద తన ఆరోపణలన్నీ వరుసగా చదివాడు, మధ్యమధ్యలో ఇవి ఫ్యాక్ట్స్ అంటూ. అప్పటికి మేం టేబుల్‌లో టాప్. మర్నాడే స్టోక్ దగ్గర 0-0. సీజన్ చివరికి యునైటెడ్ 90 పాయింట్లు, మేం 86. ఆ టైటిల్‌తోనే వాళ్లు 18కి చేరి మా లెక్కని సమం చేశారు. అప్పట్నుంచి లివర్‌పూల్ వాడు ఏ వాదన మొదలుపెట్టినా యునైటెడ్ వాడు "ఫ్యాక్ట్" అని ఒక్క ముక్క అంటే చాలు. రెండోది 2019 మార్చి 3, గుడిసన్ పార్క్‌లో ఎవర్టన్‌తో 0-0. గాలి అన్ని వైపుల నుంచీ వీచింది, బంతిని అదుపు చేయడం కష్టమైంది అని క్లాప్ అన్నాడు. ఆ సీజన్‌లో సిటీకి 98, మాకు 97. ఒక్క పాయింటు తేడా! అందుకే మా గ్రూపులో ఏ ఫ్యాన్ గాలి మాట ఎత్తినా నేను వాదించను. అది వాళ్ల హక్కు.

మధ్యాహ్నం పన్నెండున్నర కిక్-ఆఫ్ మీద క్లాప్ ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదు కూడా ఉంది గానీ, బుధవారం రాత్రి ఆడి వచ్చిన కాళ్లతో శనివారం మధ్యాహ్నం దిగడం నిజంగా కష్టమే కాబట్టి అది సాకుల ఖాతాలో వేయలేను. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్న మనకి ఆ మ్యాచ్ చలికాలంలో సాయంత్రం ఆరింటికి, ఎండాకాలంలో ఐదింటికి వస్తుంది, హాయిగా చూడొచ్చు, అది వేరే సంగతి.

జోకు కట్టే విధానం

ఇంగ్లండ్ స్టాండ్స్‌లో వాళ్లు చేసేది గమనిస్తే మూడు నాలుగు దారులు కనిపిస్తాయి. అన్నింట్లోకీ నాకు నచ్చేది ఎదుటివాడి పాటని ఎదుటివాడికే వినిపించడం. ఓలే గున్నార్ సోల్‌షైర్ యునైటెడ్‌కి తాత్కాలిక మేనేజర్‌గా వచ్చి వరుసగా గెలుస్తున్నప్పుడు, స్టీరింగ్ ఓలే చేతిలో ఉంది అని యునైటెడ్ అభిమానులు ప్రేమగా ఒక పాట కట్టుకున్నారు. 2021 అక్టోబర్ 24న యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మేం 5-0తో గెలుస్తుంటే (సలా హ్యాట్రిక్) అక్కడికి వెళ్లిన మా ఫ్యాన్స్ ఆ పాటనే గొంతెత్తి పాడారు. ఒక్క అక్షరం మార్చలేదు, ఒక్క బూతు లేదు. పాడింది ఎవరు, ఎప్పుడు, ఏ స్కోరు దగ్గర అన్నదే మొత్తం పని చేసింది. నాలుగు వారాలకి ఓలే ఉద్యోగం పోయింది.

రెండో దారి పొగడ్త. 2014లో డేవిడ్ మోయెస్ కింద యునైటెడ్ కుదేలవుతుంటే ఎదుటి జట్ల అభిమానులు మోయెస్ ఫుట్‌బాల్ మేధావి అని పాటలు పాడేవాళ్లు, దయచేసి ఆయన్ని తీసేయొద్దు అని వేడుకునేవాళ్లు. మన దగ్గర దీన్ని ఇలా వాడొచ్చు: మ్యాచ్ అయ్యాక యునైటెడ్ ఫ్రెండ్‌కి "మామా, ఈయన్ని ఇంకో రెండేళ్లు ఉంచండ్రా, టైమ్ ఇవ్వాలి, ప్రాసెస్‌ని నమ్మాలి" అని మనస్ఫూర్తిగా చెప్పండి. తిడితే తిరిగి తిట్టగలడు, ఇలా సానుభూతి చూపిస్తే ఏం చేస్తాడు?

మూడోది మౌనంగా మాటని దాచి, తారీకు వచ్చినప్పుడు తీయడం. జోసే మొరీనియో ఈ విషయంలో ఒక గని. 2014 ఫిబ్రవరిలో చెల్సీ మేనేజర్‌గా ఉండి ఆర్సెనల్ మేనేజర్ ఆర్సెన్ వెంగర్‌ని ఓటమిలో స్పెషలిస్ట్ అన్నాడు. మార్చిలో వెంగర్ వెయ్యో మ్యాచ్‌లో చెల్సీ 6-0తో కొట్టింది, అప్పటికి మొరీనియోదే పైచేయి. మేలో వెంగర్ ఎఫ్‌ఏ కప్ ఎత్తాడు, మొరీనియో ఆ సీజన్ ఖాళీ చేతులతో ముగించాడు. 2015 డిసెంబర్‌లో చెల్సీ 16వ స్థానంలో ఉండగా ఆయన్ని తీసేశారు. ఆ రోజు ఆర్సెనల్ వాళ్లకి కొత్తగా ఏమీ రాయాల్సిన పని లేకపోయింది, ఆయన మాట ఆయనకే చెప్పారు. 2018 ఆగస్ట్‌లో ఆయన చేతిలో ఉన్న యునైటెడ్ టాటెన్‌హమ్ చేతిలో సొంతగడ్డ మీద 0-3తో ఓడినప్పుడు మూడు వేళ్లు చూపించి (స్కోరూ అదే, తన టైటిళ్లూ మూడే అని), మిగతా మేనేజర్లందరూ కలిపి గెలిచిన ప్రీమియర్ లీగ్ టైటిళ్ల కంటే నేనొక్కణ్ణే గెలిచినవి ఎక్కువ, గౌరవం గౌరవం గౌరవం అంటూ లేచి వెళ్లిపోయాడు. ఆ మూడు వేళ్లలో జనానికి స్కోరే కనిపించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక, మా వాళ్ల గురించే. 2024 డిసెంబర్ 1న ఆన్‌ఫీల్డ్‌లో సిటీని 2-0తో ఓడిస్తూ మా వాళ్లు సిటీ మేనేజర్ గార్డియోలా వైపు తిరిగి, పొద్దునకల్లా నీ ఉద్యోగం పోతుంది అని పాడారు. ఆయన నవ్వుతూ ఆరు వేళ్లు చూపించాడు, ఆరు లీగ్ టైటిళ్లు. పాట అందరికీ వాడే అరిగిపోయిన పాట, దాంట్లో గార్డియోలా చెప్పిన మాట ఒక్కటీ లేదు, అందుకే ఆయనకి జవాబు సులువుగా దొరికింది. వేళ్లు చూపించి తప్పించుకోలేని జోకు కావాలంటే అది ఆయన నోట్లోంచి వచ్చిందే అయ్యుండాలి.

తెలుగులో మనకున్న సౌకర్యం సామెతలు. ఒక్కో రకం సాకుకి ఒక్కోటి అతికినట్టు సరిపోతుంది. ఓడిపోయాక కూడా "మేమే బాగా ఆడాం, రెండు లెగ్స్‌లోనూ మాదే మంచి జట్టు" అనే మేనేజర్‌కి కింద పడ్డా పైచేయి నాదే. ఎవరూ పేరు ఎత్తకుండానే "మా డ్రెస్సింగ్ రూమ్‌లో గొడవల్లేవు" అని మొదలుపెట్టేవాడికి గుమ్మడికాయల దొంగ. పదిహేనో స్థానంలో ఉండి ఇరవై లీగ్ టైటిళ్ల లెక్క తీసే అభిమానికి (2024-25లో యునైటెడ్ ముగించింది సరిగ్గా 15లోనే, 42 పాయింట్లతో) మా తాతలు నేతులు తాగారు. జనవరిలో కంగారుగా ప్లేయర్లని కొనేవాళ్లకి చేతులు కాలాక ఆకులు. సామెత మొత్తం రాయొద్దు, సగం చాలు, మిగతా సగం చదివేవాడి మనసులో పూర్తవుతుంది, అప్పుడే బాగా తగులుతుంది. ఇంగ్లిష్ మీమ్ ఫార్వర్డ్ చేయడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే అది అప్పటికే పది గ్రూపుల్లో తిరిగి వచ్చి ఉంటుంది.

పొడవు గురించి: ఒక వాక్యం, మహా అయితే రెండు. మూడో వాక్యం రాస్తున్నారంటే మీరు వివరిస్తున్నారు, వివరిస్తే నవ్వు పోతుంది. ఒకే జోకు ఒకే మనిషికి ఒకే రోజు రెండుసార్లు పంపకండి.

ఎప్పుడు వేయాలి

జరిగిపోయిన దాని మీద వెంటనే వేయొచ్చు. జరగబోయే దాని మీద గడువు తీరేదాకా వేయొద్దు. దీనికి అప్పటి టాటెన్‌హమ్ మేనేజర్ ఆంజ్ పోస్టెకొగ్లూ కథ తెలిస్తే చాలు.

2024 సెప్టెంబర్ 15న టాటెన్‌హమ్ సొంత మైదానంలో ఆర్సెనల్ చేతిలో 0-1తో ఓడింది. రెండో సీజన్‌లో సాధారణంగా ఏదో ఒకటి గెలుస్తుంటానని అంతకుముందు ఆయన చెప్పిన మాట గురించి అడిగితే, సాధారణంగా కాదు, నేను ఎప్పుడూ రెండో ఏడాది గెలుస్తాను అని సరిదిద్దాడు. లండన్ అంతా నవ్వింది. ఆ సీజన్ మొత్తం మీద జట్టు లీగ్‌లో 22 మ్యాచ్‌లు ఓడింది, 17వ స్థానానికి జారింది, ఓడిన ప్రతిసారీ ఆర్సెనల్ అభిమానులు ఆ క్లిప్ బయటికి తీసేవాళ్లు. 2025 మే 21న బిల్బావోలో బ్రెన్నన్ జాన్సన్ గోల్‌తో టాటెన్‌హమ్ యునైటెడ్‌ని 1-0తో ఓడించి యూరోపా లీగ్ గెలిచింది. 2008 తర్వాత వాళ్లకి తొలి ట్రోఫీ. ఎనిమిది నెలలపాటు పోగేసిన జోకులన్నీ ఆ రాత్రి టాటెన్‌హమ్ వాళ్ల చేతికి వెళ్లిపోయాయి. రెండు వారాల తర్వాత క్లబ్ ఆయన్ని తీసేసింది, కానీ అన్న మాట నిలబెట్టుకునే వెళ్లాడు. ఆ మేనేజర్‌ని నేను మనస్ఫూర్తిగా అభిమానిస్తాను.

అదే ఆర్సెనల్ వాళ్లు "17వ స్థానం" మీద వేసి ఉంటే? అది ఈ రోజుకీ చెల్లుతుంది, ట్రోఫీ వచ్చినా 17 మారదు.

చేయి పెట్టకూడని చోట్లు

ఇది గట్టిగా చెప్తున్నా. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరోలో మ్యాచ్ చూడటానికి వెళ్లిన లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణాలు కోల్పోయారు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో యునైటెడ్ ఆటగాళ్లు, సిబ్బంది, జర్నలిస్టులు సహా 23 మంది పోయారు. 1985లో హైసెల్‌లో 39 మంది, ఎక్కువమంది యువెంటస్ అభిమానులు. హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి ఇవి ఎక్కడో ఉన్న అంకెల్లా అనిపించొచ్చు. కాదు, ఆ స్టాండ్స్‌లో ఇవాళ్టికీ పోయినవాళ్ల కుటుంబాలవాళ్లు కూర్చుంటారు. విమానం బొమ్మ, రెండు చేతులు చాపి చేసే సైగ, "మళ్లీ మీరే బాధితులు" లాంటి మాట, ఏదీ వద్దు, ఫార్వర్డ్ కూడా చేయొద్దు. ఇంగ్లండ్‌లో ఇది ఇప్పుడు కేసు అవుతుంది, ఏళ్ల తరబడి స్టేడియంలోకి రానివ్వరు. 2023 మార్చిలో ఆన్‌ఫీల్డ్ మ్యాచ్‌కి ముందు క్లాప్, యునైటెడ్ మేనేజర్ టెన్ హాగ్ ఇద్దరూ కలిసి ఈ పాటలు ఆపమని అడిగారు. మర్నాడు మేం 7-0తో గెలిచాం. ఏడిపించడానికి ఏడు గోల్స్ ఉండగా చావుల దాకా పోవాల్సిన అవసరం ఎవడికుంటుంది?

ఒంటిరంగు, కుటుంబం, ఆరోగ్యం కూడా ఇంతే. 2021 యూరో ఫైనల్ తర్వాత ఇంగ్లండ్ ఆటగాళ్లు రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా మీద వచ్చిన జాత్యహంకార రాతలు అందరం చూశాం.

యాస గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు కూడా ఇందులో పడుతున్నారు. ఉనాయ్ ఎమెరీ ఆర్సెనల్ మేనేజర్‌గా ఉన్నప్పుడు "గుడ్ ఈవినింగ్" అనడంలో ఆయన స్పానిష్ యాసని ఎంత వెక్కిరించారో. ఆయన స్పెయిన్ క్లబ్ విల్యారియల్‌కి వెళ్లి 2021 యూరోపా లీగ్ సెమీస్‌లో ఆర్సెనల్‌ని, ఫైనల్‌లో యునైటెడ్‌ని ఓడించి కప్పు గెలిచాడు, తర్వాత ఆస్టన్ విల్లాని ఛాంపియన్స్ లీగ్‌కి తీసుకెళ్లాడు. ఆఫీసు కాల్‌లో మన ఇంగ్లిష్ విని పక్కవాడు నవ్వితే ఎలా ఉంటుందో మనకి తెలుసు. అది తెలిసి ఇంకో మనిషికి చేయడం నాకు అస్సలు మింగుడుపడదు.

క్లబ్ మూతపడటం, ఊరు మారటం కూడా జోకు కాదు. 2022 మార్చి 20న గోవాలో బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది హైదరాబాద్ ఎఫ్‌సీ. తర్వాత జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2025లో జట్టే ఢిల్లీకి వెళ్లిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీ వేసుకుని అరిచినవాళ్లకి ఇది ఎంత నొప్పో బయటివాళ్లకి తెలియదు. అలాంటి అభిమాని ఎదురైతే ఆ రోజుకి ఏమీ అనకండి.

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలకి ఒక మాట: హోమ్ స్టాండ్‌లో టికెట్ దొరికి వెళ్తే ఎదుటి జట్టు జెర్సీ వేసుకోకండి, వాళ్ల గోల్‌కి లేచి గంతులేయకండి, స్టీవార్డులు బయటికి పంపేస్తారు, టికెట్ డబ్బులు తిరిగి రావు. వెక్కిరింపులు మ్యాచ్ అయ్యాక, తెలిసినవాళ్ల మధ్య.

తిరిగి వచ్చినప్పుడు

వస్తుంది. ప్రతి జట్టూ ఓడుతుంది, ప్రతి మేనేజరూ ఏదో ఒక రోజు నోరు జారతాడు. ఆ రోజు మాయమైపోయేవాడు, రెండు రోజులు ఆన్‌లైన్‌కి రానివాడు, గ్రూపు మ్యూట్ చేసేవాడు మళ్లీ ఎవరినీ ఏడిపించే అర్హత పోగొట్టుకుంటాడు. మీ జట్టు ఓడిన రాత్రి మీరే మీ మేనేజర్ ప్రెస్ మీట్ ముందుగా వినండి, అందులో సాకు ఉంటే మీరే మొదట గ్రూపులో పెట్టండి. ఎదుటివాళ్లు ఎలాగూ నవ్వుతారు, కానీ కత్తి మీ చేతిలోంచి వెళ్లింది కాబట్టి లోతుగా దిగదు, వాళ్ల దగ్గర కూడా మీ మాటకి విలువ పెరుగుతుంది.

ఇంకొక్కటి చేయండి. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి, ఏ మేనేజర్ ఏ సాకు చెప్పినా నాలుగు ముక్కలు రాసుకోండి: తారీకు, మ్యాచ్, స్కోరు, ఆయన అన్న మాట. వీడియో లింక్ దొరికితే అది కూడా. సీజన్ మొదట్లో చెప్పిన మాటలకి ఏప్రిల్, మే నెలల్లో ధర పెరుగుతుంది, అప్పుడు వెతుక్కోవడం కష్టం. మీ మేనేజర్‌వి కూడా అందులోనే రాయండి, విడిగా కాదు.